ఏ బుంగతో కొలిచినావు?

నేను ఒక బుంగను. నీళ్లు మోసే బుంగను కాదు, నా కడుపులో ఉండేది నూనె. పుస్తకాల్లో నా పేరు టార్క్ కన్వర్టర్. చిత్తూరు ఆటోనగర్‌లో అంత పేరు పలికే ఓపిక ఎవరికీ లేక, నా ఆకారం చూసి బుంగ అన్నారు. పేరు గురించి నాకు పట్టింపు లేదు. నా బాధ వేరు. ఇన్నేళ్లుగా జనం కారు బలం కొలుస్తూనే ఉన్నారు, తక్కువ వస్తే ఇంజన్ని తిడుతున్నారు, మేస్త్రీని తిడుతున్నారు, పెట్రోలు బంకును తిడుతున్నారు. నడుమ నేనొకణ్ణి ఉన్నానని ఒక్కరికీ గుర్తు రాదు.

క్లచ్ పెడలు లేని కార్లలో ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య నేనుంటాను. నేను చేసే పని కాస్త చెబుతాను, అది తెలియకపోతే తర్వాత జరిగిన గొడవ అర్థం కాదు. రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకదానికే స్విచ్ వేయండి. ఆ గాలికి రెండోది కూడా తిరుగుతుంది. నా లోపల గాలికి బదులు నూనె. ఒక రెక్కల చక్రాన్ని ఇంజను తిప్పుతుంది. అది నూనెను విసిరికొడితే ఎదుటి చక్రం తిరిగి గేర్‌బాక్సును తిప్పుతుంది. ఆ రెండు చక్రాలూ ఒకదాన్నొకటి తాకవు. అందుకే మొదటిది తిరిగినంత రెండోది తిరగదు, కొంత జారుతుంది. జారినంత బలమూ వేడిగా మారి నూనెలో పోతుంది.

మాలో బిగువు బుంగలున్నాయి, వదులు బుంగలున్నాయి. బిగువుదైతే ఇంజను కొంచెం తిరగ్గానే బండి కదులుతుంది, జారుడు తక్కువ. వదులుదైతే ఇంజను బాగా అరిచేదాకా బండి కదలదు. కదిలిందంటే మాత్రం లేడిలా దూకుతుంది. పందేల వాళ్లకు కావలసింది రెండోది. ఇందులో మంచీ చెడూ లేవు. ఏ బండికి ఏది అన్నదే ప్రశ్న. ఆ చిన్న ప్రశ్న వేసే మనిషి కోసం నేను రెండు జన్మలెత్తాల్సి వచ్చింది.

రెండు జన్మలని ఊరికే అనలేదు. మొదటిసారి ఎక్కడో దూరదేశపు కర్మాగారంలో రెండు ఉక్కు గిన్నెలను మూతికి మూతి అతికించి నన్ను చేశారు. అప్పుడు నేను బిగువు బుంగను. మద్రాసులో మాంబళంలో ఉండే ఒక చెవి డాక్టరుగారి కారులో పన్నెండేళ్లు పనిచేశాను. వాళ్లు తెలుగువాళ్లు. డాక్టరుగారి భార్య కారెక్కగానే స్తోత్రాల క్యాసెట్ పెట్టేది. నాకు తెలుగూ భక్తీ అబ్బింది అక్కడే. బండి కుదుపు ఇచ్చినప్పుడల్లా డాక్టరుగారు, "బ్యాటరీ వీక్ అయినట్టుంది" అనేవారు. రోజూ వందమంది చెవుల్లోకి తొంగిచూసే మనిషికి కాళ్ల కింద నా మూలుగు ఒక్కనాడూ వినపడలేదు.

ఆ కారు తుక్కుకు పోయాక కోయంబత్తూరులో పందెం కార్లు చేసే ఒకాయన నన్ను కొన్నాడు. లేత్ మీద పెట్టి అతుకు వెంట కోసి, లోపలి రెక్కలను ఒక్కొక్కటిగా చేత్తో వంచి, మళ్లీ మూసి అతికాడు. అలా నేను వదులు బుంగనయ్యాను. పని అయ్యాక నన్ను తట్టి, పొట్ట మీద సుద్దముక్కతో "వదులు" అని అరవంలో రాశాడు. నా గుణం ఏమిటో నా ఒంటి మీద రాసిన మొదటి మనిషి ఆయన. రాసింది సుద్దముక్కతో! పందేలు అయిపోయి, ఆ కారును విప్పేసి, నన్ను మద్రాసు తుక్కు బజారులో పడేసిన వారానికి ఒక వాన కురిసింది. అంతే, నేను మళ్లీ అనామకుణ్ణి.

అక్కడికే వచ్చాడు గుణశేఖర నాయుడు.

నాయుడిది చిత్తూరు బయట మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీ. చెడ్డవాడు కాదు, తొందరమనిషి. తండ్రి వాడిన పాత మీగడరంగు కారంటే ప్రాణం. తండ్రి సంవత్సరీకం నాటికి ఆ బండికి కొత్త ప్రాణం పోయించి, అందులోనే అమ్మను తిరుమల తీసుకుపోవాలని మొక్కుకున్నాడు. ఇంజను బాగుచేయించే ముందు బెంగుళూరు తీసుకుపోయి బలం కొలిపించాడు. చక్రాల దగ్గర తొంభై ఆరు హార్స్‌పవర్ వచ్చింది. ఆ కాగితాన్ని లామినేషన్ చేయించి, డ్యాష్‌బోర్డు మీద వినాయకుడి బొమ్మ పక్కన పెట్టుకున్నాడు. తర్వాత బండిని దేశింగు మేస్త్రీకి అప్పగించాడు.

దేశింగుకు అరవై దగ్గర పడ్డాయి. పొద్దున్నే విభూతి పెట్టుకుని, కర్పూరం వెలిగించిగానీ స్పానర్ పట్టడు. నాయుడి తండ్రి కాలం నుంచీ ఆ కారు చూసేది ఆయనే. నలభై రోజులు కష్టపడి ఇంజన్ని కడిగి, కోసి, కొత్త పిస్టన్లు వేసి నిలబెట్టాడు. గేర్‌బాక్సు దించినప్పుడు పాత బుంగ అతుకు దగ్గర చిన్న పగులు కనిపించింది.

"మద్రాసుకు పంపి అతికించుకోని రావల్ల సామీ. పదిరోజులు పడతాది," అన్నాడు దేశింగు.

"పదిరోజులా? సంవత్సరీకం వారంలో పెట్టుకోని? నేనే పొయ్యి ఇంకొకటి పట్టుకొస్తాలే."

తుక్కు బజారులో నాయుడు టేపు తీసి నా వెడల్పు కొలిచాడు. బోల్టు రంధ్రాలు లెక్కపెట్టాడు. గేర్‌బాక్సు ఇరుసు దూరే నడిమి పళ్లు సరిచూశాడు. సంబంధం కుదిరిపోయింది! పది పొంతనాల్లో మూడు చూసి ముహూర్తం పెట్టడం మనుషుల పెళ్లిళ్లలోనే అనుకున్నాను.

నన్ను చూడగానే దేశింగు అడిగాడు. "ఇది ఏ బండిదో కనుక్కుంటిరా సామీ?"

"ఏ బండిదైతే ఏమప్పా? బోల్టులు కూర్చుంటాయి గదా?"

బోల్టులు కూర్చున్నాయి. దేశింగు ఒకసారి నన్ను చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు. ఇంకొక ప్రశ్న వేస్తాడని ఆశపడ్డాను. వేయలేదు. నన్ను బిగించేశాడు.

సంవత్సరీకం అయింది. అమ్మ తిరుమల వెళ్లొచ్చింది. తర్వాత నాయుడు బెంగుళూరు ప్రయాణం కట్టాడు. బలం కొలిచే ఆ యంత్రానికి నేలలో రెండు పెద్ద ఇనుప రోలర్లుంటాయి. వాటి మీద కారు చక్రాలు నిలబెట్టి, బండి ముందుకు ఉరకకుండా పట్టీలతో కట్టేసి, ఎక్స్‌లేటరు తొక్కుతారు. చక్రాలు రోలర్లను ఎంత బలంగా తిప్పాయో కంప్యూటరు చెబుతుంది. గమనించండి, అది చెప్పేది చక్రాల దాకా వచ్చిన బలం. ఇంజను దగ్గర ఎంత పుట్టిందో, దారిలో ఎంత పోయిందో దానికి తెలియదు. నాయుడు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టబోతే, రోలర్లు పాడవుతాయని అక్కడి ఇంజనీరు ఒప్పుకోలేదు. నాయుడు మొహం మాడ్చుకున్నాడు.

నూట పది వస్తుందని దేశింగు ముందే చెప్పి ఉన్నాడు. మొదటిసారి ఎనభై ఎనిమిది. రెండోసారి ఎనభై ఆరు. మూడోసారి ఎనభై నాలుగు.

నా లోపల నూనె సలసల కాగుతోంది. నాకూ గేర్‌బాక్సుకూ నూనె ఒకటే. కాగేకొద్దీ ఇంకా జారుతున్నాను. అంకె దిగుతున్న కొద్దీ నేను వేడితో అరుస్తూనే ఉన్నాను. ఇంతకంటే ఎలా చెప్పను? నాకు నోరుందా? "గేర్ ఆయిల్ బాగా వేడెక్కుతోంది సార్," అని ఆ ఇంజనీరు ఒక మాట అన్నాడు కూడా. నాయుడికి వినపడలేదు. ఆయన చూపంతా వినాయకుడి బొమ్మ పక్కనున్న తొంభై ఆరు మీదే ఉంది.

మర్నాడు పొద్దున ఆటోనగర్‌లో బండి ఆగిన తీరుకే నాకు అర్థమైంది. టీ బంకు దగ్గర పదిమంది ఉన్నారు. దేశింగు గ్లాసు చేతిలో పట్టుకుని నవ్వుతూ వచ్చాడు.

"ఎంతొచ్చింది సామీ?"

"ఎనభై నాలుగు."

"నూటా నాలుగా?"

"ఎనభై నాలుగు! పాత ఇంజనుకు తొంభై ఆరు. నలభై దినాలు నీకాడ పెట్టుకుంటే పన్నెండు గుర్రాలు మాయం! నేను తెచ్చిచ్చిన కొత్త పిస్టన్లు ఏ బండికేసినావు మేస్త్రీ?"

దేశింగు గ్లాసు కింద పెట్టాడు. "నాయుడూ... ఆ మాట అనాకండి. కావాలంటే ఇప్పుడే ఇంజను విప్పి చూపిస్తా."

"విప్పేది నువ్వే, చూపించేది నువ్వే. మాకేం తెలుస్తాది? మా నాయిన ముప్పై ఏండ్లు నిన్ను నమ్మినాడు గదా, నమ్మిన ఇంట్లోనేనా?"

టీ బంకాయన మెల్లగా ఒక మాట వదిలాడు. "నిమ్మకాయలు పెట్టనీలేదంట గదన్నా, అందుకేమో." ఎవరూ నవ్వలేదు. ట్రాక్టరు ఇంజను హెడ్ రిపేరుకు తెచ్చిన ఒక రైతు దాన్ని చడీచప్పుడు లేకుండా మళ్లీ ఆటోలోకి ఎత్తించుకున్నాడు. దేశింగు అది చూశాడు. ఆ వీధిలో ఆయనకున్నది ఆ పేరొక్కటే. అది పోతే చేతిలో స్పానర్ ఉన్నా లేనట్టే.

"కాణిపాకం వస్తావా?" అన్నాడు నాయుడు.

మా సీమలో ఆ మాట తర్వాత ఇంకొక మాట ఉండదు. పోలీసు స్టేషనుకు రమ్మంటే వాదిస్తారు, కోర్టుకంటే నవ్వుతారు. కాణిపాకం వినాయకుడి ముందు ప్రమాణమంటే టీ బంకు దగ్గర ఈగ కూడా వాలదు.

"వస్తా. ఏమని చెప్పమంటారు?"

"తల మీద నీళ్లు పోసుకోని, 'ఈ బండిలో నేను బిగించిన ప్రతి సామానూ నాకు తెలిసిన మంచి సామానే' అని చెప్పు. చెప్పినావంటే నీ కాళ్లు పట్టుకుంటా."

"పదండి."

నాకు ఒళ్లు మండిపోయింది. ఇద్దరిలో ఒకడూ అబద్ధమాడటం లేదు. నాయుడు చూసిన అంకె నిజం, దేశింగు చేసిన పని నిజం. రెండు నిజాలను తీసుకుపోయి దేవుడి ముందు పెట్టి, ఇందులో అబద్ధమేదో తేల్చమంటే ఆ స్వామి మాత్రం ఏం చేస్తాడు? రోలర్ల దగ్గర తేలాల్సిన లెక్కకు దేవుణ్ణి సాక్షికి పిలవడం ఏం న్యాయం?

ఇద్దరూ అదే కారులో బయలుదేరారు. "దోవలో నీ మనసు మారకుండా," అన్నాడు నాయుడు. పెద్ద దూరం లేదు. నాయుడు నడుపుతున్నాడు. పక్క సీట్లో దేశింగు ప్రమాణాన్ని లోలోపల అప్పజెప్పుకుంటున్నాడు. సీట్ల కింద ఉన్న నాకు ప్రతి మాటా వినపడుతోంది. "పిస్టన్లు... నాకు తెలుసు. రింగులు... నేనే పొదిగినా. వాల్వులు... నా చేత్తో అరగదీసినా. బేరింగులు... తెలుసు. ఆయిల్ పంపు... తెలుసు. బుంగ..."

ఆగాడు.

మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. పిస్టన్లు, రింగులు, వాల్వులు. మళ్లీ నా దగ్గరికి వచ్చి ఆగాడు. నా లోపలి రెక్కలన్నీ ఒక్కసారి బిగుసుకున్నట్టయింది. అడుగు మేస్త్రీ, అడుగు!

గుడి దగ్గర బండ్లు నిలిపే చోట నాయుడు బండి ఆపాడు. తువ్వాలు భుజాన వేసుకుని దిగబోయాడు. దేశింగు కదల్లేదు.

"సామీ, నేను ప్రమాణం చెయ్యలేను."

నాయుడు మళ్లీ సీట్లో కూలబడ్డాడు. గెలిచినవాడి గొంతులా లేదు. "చెయ్యవా? అంటే... నిజమేనా దేశింగన్నా? ఊరికే కోపానికి అంటి గానీ, నువ్వు చేసింటావని నేను నిజంగా అనుకోలేదే!"

"ఇంజను గురించైతే ఇప్పుడే మునిగొచ్చి చెప్తా. కానీ ప్రతి సామానూ నాకు తెలిసిన సామానే అనమంటిరి. బుంగ నాకు తెల్దు. దాని కడుపులో ఏముందో నేను చూళ్లా. ఊపి చూసి బిగించేసినా. తెలియనిదాన్ని తెలుసని ఆ సామి ముందర ఎట్ల చెప్పేది?"

"బుంగదేముందప్పా..."

"ఉండండి." దేశింగు గొంతు మారింది. ప్రమాణం చేయడానికి వచ్చినవాడు పోయి, మేస్త్రీ తిరిగొచ్చాడు. "ఇంజను ఆన్ చెయ్యండి. బ్రేకు అదిమిపెట్టి, డ్రైవ్‌లో వేసి, ఎక్స్‌లేటరు పూర్తిగా తొక్కండి. మూడు అంకెలు లెక్కపెట్టి వదిలేయండి. ఓ అమ్మా! టెంకాయల బుట్ట పక్కకు తీయ్‌మా! ఎవురూ బండి ముందర నిలబడాకండి!"

టెంకాయలమ్మ బుట్ట ఎత్తుకుని శాపనార్థాలు పెడుతూ పక్కకు జరిగింది. నాయుడు తొక్కాడు. ఇంజను గర్జించింది. బండి అంగుళం కదల్లేదు. ఇంజను తిరుగుడు చూపే సూది రెండువేలు దాటింది, మూడువేలు దాటింది, మూడువేల రెండొందల దగ్గర నిలిచింది.

"వదిలేయండి! చూస్తిరా? మీ నాయినకు ఏటా ఇదే పరీక్ష చేసి చూపిస్తా ఉంటి. పందొమ్మిదొందల కాడ ఆగేది. అంతకు మించి సూది పొయ్యేదే కాదు, పాత బుంగ అంత బిగువు."

దేశింగు దిగి బానెట్ ఎత్తి, గేర్ ఆయిల్ పుల్ల లాగి వాసన చూసి, నాయుడి ముక్కు దగ్గర పెట్టాడు. అరిసెలు మాడిన మూకుడు వాసన. దేశింగు నవ్వడం మొదలుపెట్టాడు. పొద్దుటి నుంచీ అదే మొదటి నవ్వు.

"గుర్రాలు యాడికీ పోలేదు సామీ. ఈడే ఉండాయి. నూనెలో మునకలేస్తా ఉండాయి."

"అంటే ఇంజను..."

"మీ నాయిన కాలం కంటే గట్టిగా ఉండాది. ఇది పందెం బండి బుంగ. బాగా వదులు. ఇంజను ఇచ్చేదాంట్లో చక్రాల కాడికి చేరేలోగా ఇది తినేస్తా ఉండాది."

తినేస్తున్నానట! నన్ను ఎలా చేశారో అలా పనిచేస్తున్నాను. అయినా ఊరుకున్నాను. రెండు జన్మల్లో మొదటిసారి ఒక మనిషి నా గురించి నిజం మాట్లాడుతున్నప్పుడు పదాల దగ్గర పేచీ ఎందుకు?

"దాన్ని తెచ్చింది..." అని నాయుడు మాట మింగాడు.

"తెచ్చింది మీరు. ఏ బండిదో తెలీకుండా బిగించింది నేను."

నాయుడు తువ్వాలు సర్దుకుని బండి దిగాడు. "వచ్చినాం గదన్నా," అన్నాడు. "వట్టి చేతుల్తో పోకూడదు." లోపలికి వెళ్లి ఏం చేశారో నేను చూడలేదు. తిరిగొచ్చి కూర్చునేటప్పుడు నాయుడు "అబ్బా, మోకాళ్లు!" అని మూలిగాడు. దేశింగు, "ఇరవై ఒకటి తీస్తే చాలంటే మీరే యాభై అంటిరి," అన్నాడు. గుంజీళ్లని అర్థమైంది. ఒకరు అనుమానించినందుకు, ఒకరు తెలియనిదాన్ని బిగించినందుకు. బోల్టు రంధ్రాలే గుణాలనుకున్నందుకు ఇంకో పాతిక తీయించవలసింది.

ఆ రోజు స్వామి ఎవరికీ తీర్పు చెప్పలేదు. చెప్పే అవసరమే రానివ్వలేదని నా నమ్మకం. అదంతా దేశింగు భయం చేసిన పనే అని ఎవరైనా అంటే వాదించను. కానీ ఆ భయం లేకపోతే ఆయన నా దగ్గర ఆగేవాడా?

తిరుగుదారిలో రోడ్డు ఖాళీగా కనిపిస్తే నాయుడు బండి ఒకసారి ఆపి, ఉన్నట్టుండి ఎక్స్‌లేటరు తొక్కాడు. నేను నా సంగతేమిటో చూపించాను. ఇంజన్ని దాని మంచి బలం దగ్గరికి ఎక్కించి, ఒక్కసారిగా అందుకున్నాను. బండి దూకింది. వినాయకుడి బొమ్మ నాయుడి ఒళ్లో పడింది.

"యప్పా! మా నాయిన కాలంలో ఎన్నడన్నా ఇట్ల ఎగిరిందా ఇది?"

"లేదు సామీ. కాగితం మీద తక్కువ, రోడ్డు మీద ముందు. వదులు బుంగ మహిమ అది. ఇదే ఉంచుకుంటారా?"

నాయుడు బొమ్మను తీసి మళ్లీ తన కాగితం పక్కన నిలబెట్టాడు. నేను ఆశపడ్డాను. "కాగితం మీద తక్కువ ఎట్లన్నా ఉంచుకునేది?" అన్నాడు.

ఇక నేనేం చెప్పను! నన్ను దింపేశారు. పాత బుంగ పగులు అతికించుకుని వచ్చి తన చోట కూర్చుంది. అదే ఇంజను, అవే పిస్టన్లు, ఒక్క బోల్టు మార్చలేదు. బెంగుళూరులో నూట తొమ్మిది వచ్చింది. నాయుడు ఆ కాగితం తెచ్చి టీ బంకు దగ్గర అందరికీ చూపించి, నలుగురి ముందూ దేశింగు కాళ్లకు వంగబోయాడు. దేశింగు వెనక్కి దూకాడు. వారం తిరక్కుండా ట్రాక్టరు రైతు తన ఇంజను హెడ్డుతో మళ్లీ ఆటో దిగాడు. దేశింగు ఆయన్ను ఏమీ అడగలేదు.

ఏ బుంగతో కొలిచారో కాగితం మీద రాయమని దేశింగు నాయుడితో చెప్పించాడట. అలాంటి గడి మా కాగితంలో లేదని అక్కడివాళ్లన్నారట. అందుకని దేశింగే పెన్ను తీసుకుని కింద అంచు మీద రాశాడు, "పాత బిగువు బుంగతో" అని. నాయుడు దాన్ని లామినేషన్‌కు ఇచ్చాడు. లామినేషన్ చేసినవాడు అందంగా ఉండాలని అంచులు కత్తిరించాడు.

ఇప్పుడు నేను దేశింగు షెడ్డులో గూటిలో ఉన్నాను. దేవుడి పటానికి ఒక అర కింద. ఎవరైనా వచ్చి, "మా బామ్మర్ది బండికి నూట ఇరవై వచ్చిందంట మేస్త్రీ," అంటే దేశింగు తల తిప్పకుండానే అడుగుతాడు, "ఏ బుంగతో కొలిచినావు?" ఆ మాట ఆటోనగర్‌లో పాకింది. మొన్న టీ బంకు దగ్గర ఎవడో కొత్తగా తెచ్చిన వేపపుల్ల పళ్లపొడి గొప్పలు చెబుతుంటే ఇంకొకడు, "ఏ బుంగతో కొలిచినావురా?" అన్నాడు. అందరూ నవ్వారు. అన్నవాడికి బుంగంటే ఏమిటో తెలియదు. సరే, నా ప్రశ్న నేను లేకుండానే బతుకుతోంది.

ఆయుధ పూజకు ముందురోజు దేశింగు నన్ను దించి, కిరసనాయిలుతో కడిగి, ఉలీ సుత్తీ తీసుకున్నాడు. మూడో జన్మేమో అనుకున్నాను. ఆయన నా పొట్ట మీద, తొందర లేకుండా, ఒక్కో దెబ్బా వేస్తూ "వదులు, 3200" అని చెక్కాడు. మర్నాడు పటానికి పెట్టిన చేత్తోనే నాకూ కుంకుమ పెట్టాడు. పండగ మరుసటి రోజు వాన కురిసింది. షెడ్డు రేకు కారి నీళ్లు నా మీదే పడ్డాయి. కుంకుమ అంతా కారిపోయింది. అక్షరాలు అక్కడే ఉన్నాయి.